మాజాంగ్ బల్ల దగ్గర నాలుగో సీటు

నా దగ్గర ఒక కబురుంది. నిన్నట్నుంచి కడుపులో ఆగడం లేదు. ఒక్క వాక్యంలో చెప్పేద్దామని ముగ్గురి దగ్గర ప్రయత్నించాను. ముగ్గురూ "అయితే?" అన్నారు. అందుకని ఈసారి మొదట్నుంచీ వస్తాను.

ఖతార్‌లో, వెస్ట్ బేలో మా ఆఫీసున్న టవర్‌లోనే, మాకు ఆరంతస్తుల పైన, ఒక జపాన్ పెద్దాయన పనిచేస్తారు. అరవై దాటిన ఇంజనీరు. మా ప్రాజెక్టు డ్రాయింగులు ఆయన సంతకానికి పైకెళ్లి కిందికొస్తుంటాయి. ఏ డ్రాయింగ్ ఎన్నో రివిజన్‌లో ఉందో, ఎవరి టేబుల్ మీద ఆగిందో చూసుకోవడం నా పని. డాక్యుమెంట్ కంట్రోలర్ అంటారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఈ పనా అని ఊళ్లో కొందరికి అనుమానం. మా వాళ్లకు మాత్రం లేదు. మా ఇంట్లో పట్టా చేతపట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, మా అమ్మ లెక్కలో అది ఇంజనీరే.

ఒకరోజు మధ్యాహ్నం ప్యాంట్రీలో పెరుగన్నం తింటూ ఫోన్లో రమ్మీ ఆడుతున్నాను. మా అంతస్తులో మీటింగుకని దిగిన పెద్దాయన కాఫీకి వచ్చి నా వెనక ఆగిపోయారు. ఆయన ఇంగ్లీషు చాలా పొదుపు.

"పదమూడు కార్డులా?"

"పదమూడు సార్. ఒకటి తీసుకోవాలి, ఒకటి పారేయాలి."

"మూడు మూడు కలపాలా? వరసగా, లేకపోతే ఒకేలాంటివి?"

"అంతే సార్."

కాఫీ కప్పు అక్కడే పెట్టి ఆయన ఒక నిమిషం నా ఆట చూశారు. తర్వాత, "శనివారం ఖాళీయా?" అని అడిగారు.

ఆయన ఉండే అపార్ట్‌మెంట్ టవర్ కింద అద్దెకున్నవాళ్లందరికీ కలిపి ఒక గది ఉంది. ప్రతి శనివారం మూడింటికి అక్కడ నలుచదరపు బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి మాజాంగ్ ఆడతారు, జపాన్ పద్ధతిలో. పేకముక్కలకు బదులు చిన్న సబ్బుబిళ్లల్లాంటి దళసరి ముక్కలు. ఆడేది పెద్దాయన, ఒక ఫిలిప్పీన్స్ నర్సు, స్కూల్లో లెక్కలు చెప్పే ఒక ఈజిప్టు మాస్టారు. నాలుగో ఆయన కాంట్రాక్టు ముగిసి వాళ్ల దేశం వెళ్లిపోయాడు. ఈ ఆటకి నలుగురు కావాలి. డబ్బు ప్రసక్తి లేదు, పాయింట్ల పుల్లలు మాత్రం ఉంటాయి.

సీటు ఊరికే ఇవ్వరు. నేను ఆట చూడ్డానికి వెళ్లిన మొదటిరోజే పెద్దాయన షరతు చెప్పారు. తక్కువలో తక్కువ ఎనిమిది పంపకాలుండే ఒక పూర్తి ఆటని హాన్‌చాన్ అంటారు. ఒక హాన్‌చాన్ మొత్తం తప్పు పడకుండా ఆడాలి. పిలుపులన్నీ జపాన్ మాటల్లోనే ఉండాలి. ఎనిమిదింటిలో ఒక్క పంపకమైనా గెలిచి, గెలిచిన ముక్కల కూర్పు పేరేమిటో, దానికెన్ని పాయింట్లో నా నోటితో నేనే చెప్పాలి. అందుకు ఆ తర్వాత మూడు శనివారాలు గడువు. ఆలోపు కాకపోతే, వాళ్ల కంపెనీలోనే ఈ ఆట వచ్చిన ఒకాయన ఎదురుచూస్తున్నాడు, సీటు ఆయనది.

ఆ సీటు నాకెందుకంత కావాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. ఆఫీసు మీటింగుల్లో నా కుర్చీ గోడవారన ఉంటుంది. ఫైళ్లు అందించడానికి, ఎవరేం అన్నారో రాసుకోవడానికి. అదేం అవమానం కాదు, ఉద్యోగం. కానీ ఆ ఆకుపచ్చ గుడ్డ దగ్గర నలుగురికీ నాలుగు పక్కలు. గోడవారన కుర్చీ అసలు లేదు.

ఇంకొకటి కూడా ఉంది, అదే పెద్దది. ఇంజనీరింగ్ మొత్తం నేను బట్టీ పట్టి పాసయ్యాను. తెలుగు మీడియం నుంచి వెళ్లి పడ్డాను కదా, ఒక్కో మాటా వస్తువు లేకుండానే నోట్లోకి వచ్చేది. బరువు పడ్డ దూలాన్ని వంచే బెండింగ్ మూమెంట్ ఉంది కదా, దాని డెఫినిషన్ నిద్రలో లేపినా చెప్పేదాన్ని. హైదరాబాదులో మొదటి ఇంటర్వ్యూలో ఒకాయన స్కేలు రెండు పుస్తకాల మీద పెట్టి, "ఎక్కడ ఎక్కువుంటుందో వేలు పెట్టి చూపించమ్మా" అన్నాడు. నేను మళ్లీ డెఫినిషన్ చెప్పాను. ఆయన చిరునవ్వుతో స్కేలు తీసేశాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. తెలియని మాట ఇంకెప్పుడూ నోట పట్టనని ఆరోజు బస్సులో అనుకున్నాను. మాజాంగ్ మాటలు అలా కాకూడదు. ఒక్కో మాటా చేత్తో పట్టుకుని తర్వాతే నోటితో అనాలి.

అల్ మన్సూరాలో నాతో ఫ్లాటు పంచుకునే కాకినాడ అక్క ఒక క్లినిక్ రిసెప్షన్‌లో చేస్తుంది. వంటింట్లో నా గొణుగుడంతా ఆవిడే భరించింది.

"ఏవిటమ్మా, పొద్దున్నే ఉప్మా కలుపుతూ చీ అంటున్నావు? ఉప్పెక్కువైందా?"

"అది పిలుపక్కా. మన ఎడమ పక్కవాళ్లు పారేసిన ముక్కతో మనకి వరస కుదిరితే, చీ అని తీసుకోవాలి. ఒకేలాంటివి మూడు కుదిరితే పోన్. అది ఎవరి దగ్గర్నుంచైనా తీసుకోవచ్చు."

"మరి గెలిస్తే?"

"ఇంకొకరు పారేసిన ముక్కతో గెలిస్తే రోన్. మనమే తీసుకున్న ముక్కతో గెలిస్తే త్సుమో."

"రెండూ గెలుపే కదమ్మా! రెండు పేర్లెందుకు? గెలిచావా, అరిచేసెయ్యి, ఇంటికొచ్చెయ్యి."

మొదటి శనివారం సరిగ్గా అక్క చెప్పినట్టే చేశాను.

నాలుగో పంపకంలో ముక్కలు చకచకా కుదిరాయి. తొమ్మిదులకి పోన్, ఒకటి-రెండు-మూడుకి చీ. ఇంకొక్క ముక్క వస్తే పూర్తి అనే స్థితికొచ్చాను, దాన్ని తెన్‌పై అంటారు. మాస్టారు సరిగ్గా ఆ ముక్కే పారేశారు. "రోన్!" అన్నాను. గది మారుమోగింది. ముక్కలన్నీ వెల్లకిలా పరిచాను. నాలుగు గుంపులు, ఒక జత. రమ్మీలో ఇంతకన్నా అందమైన షో ఉండదు.

పెద్దాయన ముక్కల వైపు చూసి నావైపు చూశారు. "యాకు?"

యాకు అంటే గెలిచిన కూర్పుకి ఉండే పేరు. జాబితాలో ఉన్న పేర్లలో కనీసం ఒకటైనా నా ముక్కలకి సరిపోవాలి. జాబితా నాకు కంఠతా వచ్చు. ఒక్కో పేరూ నా ముక్కలకి ఆనించి చూసుకుంటూ పోయాను. ఒక్కటీ అంటలేదు.

"అన్నీ కలిశాయి కదా సార్," అన్నాను నీరసంగా.

"కలిశాయి. పేరు లేదు. చోంబో."

చోంబో అంటే చెల్లని గెలుపు చాటినందుకు పడే శిక్ష. పాయింట్ల పుల్లలు ముగ్గురికీ పంచాను. నర్సు నా భుజం మీద తట్టి, "మా ఊళ్లో అయితే ఇది గెలుపే హబీబ్తీ, నా బంగారం. కానీ ఇది మా ఊరు కాదు. యల్లా, పద, ముక్కలు కలుపు," అంది.

మా బాపు, అంటే మా నాన్న, కూడా ఖతార్‌లోనే ఉంటాడు. అల్ ఖోర్ వైపు సైటులో పనివాళ్లు ఎక్కి నిలబడే పైపుల మంచెలు, స్కాఫోల్డింగ్, కడతాడు. నేను పుట్టకముందు నుంచీ గల్ఫే. ఆయన క్యాంపులోకి ఆడవాళ్లకి ప్రవేశం లేదు కనక శుక్రవారం పొద్దున్నే నేను బస్సెక్కి వెళ్తే, ఒక పార్కులో చాప పరుచుకుని కూర్చుంటాం. ఆ శుక్రవారం నేను తీసుకెళ్లిన పులిహోర తింటూ జరిగినదంతా విన్నాడు. బాపుకి పత్తాలాట, అదే పేకాట, ప్రాణం. కానీ మాజాంగ్ ముక్క ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.

"మొత్తం ముక్కలెన్ని బిడ్డా?"

"నూట ముప్పై ఆరు బాపు. మూడు రంగులు, ఒక్కోదాంట్ల ఒకటి నుంచి తొమ్మిది దాక. ఇంకో ఏడు బొమ్మలు. అన్ని నాలుగేసి."

బాపు విస్తరాకు పక్కకి జరిపి చాప మీద వేలితో ఏదో గీసుకున్నాడు. అర నిమిషం పట్టలేదు.

"నాలుగు పత్తాల కట్టలు కొను. మూడు రంగులల్ల తొమ్మిది దాక ఉంచు. ఇస్పేట్లల్ల ఏడు దాకనే ఉంచు. రాజులు, రాణులు, జోకర్లు అన్ని తీసెయ్. లెక్క సరిపోతది."

ఫోన్లో లెక్కేశాను. ఇరవై ఏడు, ఏడు, ముప్పై నాలుగు. ఇంటూ నాలుగు. నూట ముప్పై ఆరు. నేను నోరు తెరిచి చూస్తుంటే బాపు, "గట్ల చూస్తవేందే, గింత దానికి ఇంజనీరింగ్ గావాల్నా?" అన్నాడు.

పక్కనే ఉన్న సూపర్ మార్కెట్లో నాలుగు కట్టలు కొనుక్కొచ్చాను. ఇద్దరమే కనక చెరో ఇద్దరి ముక్కలూ పట్టుకుని ఆడాం. బాపు రెండో పంపకానికే ఆట అందుకున్నాడు. పిలుపులు మాత్రం పట్టించుకోలేదు. "గది నాదే" అనేవాడు పోన్‌కి, చీకి, రోన్‌కి. యాకు దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"అన్ని కల్సినంక ఇంక పేరెందుకే? లగ్గమైనంక లగ్గపత్రిక అడిగినట్టున్నది."

"గదే రూలు బాపు."

ముక్కలు సర్దుకుంటూ తనే అన్నాడు. "మా దగ్గర గూడ గంతే తియ్. మంచిగనే కట్టినం, గట్టిగనే ఉన్నదంటె ఇనరు. పచ్చ ట్యాగు ఏలాడితేనే ఎక్కనిస్తరు. ట్యాగు లేకుంటె ఎంత గట్టిగున్నా అది మంచె కాదు, ఉత్త పైపులే. ముందుగల్ల ట్యాగు ఏదో అనుకో, తర్వాత కట్టు."

ఆరోజు మధ్యాహ్నం దాకా అదే పని. ముక్కలు పంచుకోగానే గెలుపు సంగతి పక్కనపెట్టి, ఈ చేతికి ఏ పేరు వస్తుందో ముందు తేల్చుకోవడం. ఒకట్లు, తొమ్మిదులు, బొమ్మలు ఏవీ లేకుండా మధ్య అంకెలతోనే కడితే తాన్‌యావో. ఎవరి ముక్కా పిలిచి తీసుకోకుండా తెన్‌పైకి వచ్చి, ఆ మాట పైకి చాటితే రీచి. రీచి అన్నాక చేతిలో ముక్కలు మార్చడానికి వీల్లేదు. బస్సులో తిరిగి వస్తుంటే ఆ పేర్లు నోట్లోంచి కాకుండా వేళ్లల్లోంచి వస్తున్నట్టనిపించింది.

రెండో శనివారం ధైర్యంగా కూర్చున్నాను. ఐదో పంపకంలో రీచి అన్నాను. అన్నప్పుడు పారేసే ముక్కని అడ్డంగా తిప్పి పెట్టాలి, ఒక పుల్ల బల్ల మధ్యలో పెట్టాలి. రెండూ చేశాను. ఈసారి పేరు ఉంది, రీచి అన్నదే యాకు. నా చేతిలో సున్నా గుర్తులుండే రంగులో నాలుగు, ఐదు. మూడు వచ్చినా ఆరు వచ్చినా గెలుపే. రెండు చుట్లు తిరిగాయి. మాస్టారు సున్నాల మూడు పెట్టారు.

"రోన్. రీచి," అన్నాను, ఎక్కడా తొట్రుపడకుండా.

పెద్దాయన నా ముక్కల వైపు చూడలేదు. నా ముందున్న వరసలో నాలుగో ముక్క మీద వేలుంచారు. సున్నాల ఆరు. ఎప్పుడో మొదట్లో నేనే పారేసింది.

"ఫురితెన్," అన్నారు.

దీన్ని రమ్మీ ఆడినవాళ్లకి చెప్పడం ఎంత కష్టమో! రమ్మీలో పారేసిన ముక్క పారేసినట్టే. అందరివీ ఒకే కుప్పలో పడతాయి, మీద ఇంకోటి పడుతుంది, ఎవరేం వేశారో దేవుడికెరుక. ఇక్కడ అలా కాదు. ఎవరు పారేసినవి వాళ్ల ముందే, ఆరేసి ముక్కల వరసలుగా, ఆట అయిందాకా కనబడుతూ ఉండాలి. మనకి గెలుపిచ్చే ముక్కల్లో ఏ ఒక్కటైనా మనమే ముందు పారేసి ఉంటే, ఇంకొకరు పారేసినదానితో గెలిచే హక్కు ఉండదు. దాని పేరే ఫురితెన్. నేను పారేసింది ఆరు, మాస్టారు వేసింది మూడు, ఐనా చెల్లదు. మూడూ ఆరూ రెండూ నా గెలుపు ముక్కలే కనక ఆరు పోతే మూడు కూడా పోయినట్టే. సొంతంగా తీసుకున్నదైతే, అంటే త్సుమో అయితే, గెలవచ్చు.

ఈ నియమం నాకు తెలియనిది కాదు. నిద్రలో లేపినా చెప్పేదాన్ని. అదే బాధ. నోటికి వచ్చు, కంటికి రాలేదు. పారేసిన ముక్కని చూడ్డం నా రమ్మీ కంటికి అలవాటే లేదు.

రెండో చోంబో. ఆట ముగిశాక మాస్టారు టీ పోసి, "మాలిష్, పర్లేదు. మొదటి ఏడాది నాకు పన్నెండు చోంబోలు," అన్నారు. నర్సు, "పన్నెండా? నేను లెక్కపెట్టడం ఆపేశాక అన్నమాట!" అంది. ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా అన్నారు.

"వచ్చే శనివారం చివరిది. నీకు కొంచెం సులువు చేద్దాం. కాగితం మీద పేర్లు రాసి పక్కన పెట్టుకో. ఫురితెన్ అయితే నేను సైగ చేస్తాను. ముగ్గురికీ సమ్మతమే."

ముగ్గురూ నావైపే చూస్తున్నారు. మంచి మనసుతో అన్న మాట. ఔనంటే ఆ సీటు దాదాపు నాదే.

"వద్దు సార్. కాగితం వద్దు, సైగ వద్దు. మీరు మొదటిరోజు ఏ షరతు చెప్పారో అదే ఉంచండి."

"ఓడిపోతే సీటు ఉండదు."

"తెలుసు సార్."

ఆయన తల వంచారు, మనవాళ్లు తలూపినట్టు కాదు, కొంచెం ఎక్కువగా. "సరే. అదే షరతు."

ఇంటికొచ్చి చెబితే అక్క గరిటె పట్టుకుని నడుం మీద చెయ్యేసుకుంది. "పెద్దమనిషి ఇస్తానంటే వద్దంటావా? ఏం మనిషివమ్మా! నువ్వు ఇంటర్వ్యూలో కూడా ఇలాగే అన్నావా?"

"ఇంటర్వ్యూలో చూపించమంటే చూపించలేకపోయానక్కా. అందుకే."

అక్క వారమంతా గిన్నెలు తోమే వంతు నాకు రానివ్వలేదు.

శుక్రవారం మళ్లీ అల్ ఖోర్. ఈసారి పులిహోర లేదు, చపాతీలు. బాపుకి ఫురితెన్ చెప్పడానికి పత్తాలు చాప మీద వరసగా పేర్చాను. ఆయన చాలాసేపు ఆ వరసనే చూశాడు.

"అంటే నువ్వు ఏసింది నీ మొఖమ్ముందటనే ఉంటది. దాన్ని సూడక పక్కోనిది సూస్తున్నవ్."

"అవ్ బాపు."

"నేను పొద్దుగాల పైకెక్కేటప్పుడు ఏం జేస్తనో ఎర్కేనా? నిన్న నేను బిగించిన క్లాంపులు నేనే మల్ల సేతులు వెట్టి సూస్త. పక్కోడు కట్టింది సూపర్‌వైజర్ సూస్తడు. నాది నేనే సూడాలె. గది సూడకుంట అడుగు తియ్య. ఇరవై ఐదేండ్లాయె, ఒక్కనాడు ఇడువలే." పత్తా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "నోరు తెరిసే ముందుగాల నీ వరస మీద సెయ్యి ఆనియ్యి. కన్ను కాదు, సెయ్యి. కన్ను మోసం జేస్తది."

అలాగే చేశాం. ఎవరేం పారేసినా ముందు నా ఎడమచేతి వేలు నా వరస మీద నడిచేది. మొదట ఒక్కో ముక్కకీ ఎంతో సమయం పట్టింది. "జల్దీ జల్దీ" అని బాపు తొందరపెట్టేవాడు, కావాలనే. ఎండ ఎక్కేసరికి నా వేలు తనంతట తనే నడుస్తోంది. చివరికి బాపు నన్ను మోసం చెయ్యడానికి నా గెలుపు ముక్కలే వరసగా పారేశాడు. ఆరుసార్లు వేశాడు. ఐదుసార్లు అది ఫురితెన్ అని వేలు పట్టేసింది, నోరు మూసుకున్నాను. ఆరోసారి రోన్ అన్నాను, సరైనదే.

"ఇగ పో," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "రేపు నాకు డ్యూటీ ఉన్నది. ఐదింటికి చాయ్ టైములో ఫోన్ జెయ్యి."

మూడో శనివారం, అంటే నిన్న, గదికి నేనే ముందు వెళ్లాను. గుడ్డ పరిచాను. నా ఎడమ పక్క నర్సు, ఎదురుగా పెద్దాయన, కుడి పక్క మాస్టారు.

ఏడు పంపకాలు అయిపోయాయి. చోంబో పడలేదు. పిలుపులన్నీ సరిగ్గా అన్నాను. కానీ ఒక్క పంపకం కూడా గెలవలేదు. రెండుసార్లు తెన్‌పై దాకా వెళ్లాను, రెండుసార్లూ నర్సు ముందే గెలిచేసింది. "సారీ సారీ, నా చేతులు నా మాట వినవు," అంది. షరతు ప్రకారం ఒక్కటైనా గెలవాలి. మిగిలింది ఆఖరి పంపకం.

ముక్కలు చూడగానే పేరు అనుకున్నాను. తాన్‌యావో. ఒకట్లు, తొమ్మిదులు, బొమ్మలు వచ్చినవి వచ్చినట్టు పారేస్తూ పోయాను. వాటితోపాటు మొదట్లోనే, ఒంటరిగా ఉందని, వెదురు రంగులో ఐదు కూడా పారేశాను. వెదురు అంటే మూడు రంగుల్లో ఇంకోటి. చుట్లు తిరిగాయి. వంతు వచ్చినవాళ్లు తీసుకోవడానికి మధ్యలో గోడలా పేర్చిన ముక్కలు తరిగిపోతున్నాయి. ఎట్టకేలకి తెన్‌పై. మూడు గుంపులు పూర్తయ్యాయి, సున్నాల ఎనిమిదులు ఒక జత, వెదుర్లో మూడు, నాలుగు. రెండు వచ్చినా ఐదు వచ్చినా పూర్తి. రీచి అనబోయి ఆగాను. ఆ మాట అన్నానంటే ఇక ముక్కలు మార్చుకోలేను.

నర్సు వెదురు రెండు పెట్టింది.

గెలుపు ముక్క. నా ముందు అరచేతి దూరంలో ఉంది. నోట్లో 'రో' దాకా వచ్చింది. అప్పటికే ఎడమచేతి వేలు నా వరస మీద నడుస్తోంది. రెండో ముక్క దగ్గర ఆగింది. వెదురు ఐదు. నేనే పారేసింది.

నోరు మూసుకున్నాను. దవడ నొప్పి పుట్టేంతగా. పెద్దాయన నా మొహం చూడలేదు, బల్ల మధ్యకి చూస్తూ కూర్చున్నారు. ఆయనకి తెలుసా తెలియదా ఇప్పటికీ చెప్పలేను.

నా వంతు. గోడ నుంచి ఒక ముక్క తీశాను. వెదురు నాలుగు.

గోడలో ఇంకా కొన్నే ఉన్నాయి. ఉన్నదాన్ని అలాగే పట్టుకుని, త్సుమో వస్తుందేమో అని చూడొచ్చు. రెండు రకాల ముక్కల్లో ఏది వచ్చినా చాలు. కానీ నేనే తీసుకోవాలి, ఇంకెవరు వేసినా చెల్లదు. అలా కాకపోతే మూడు పారేసి, నాలుగులని జతగా ఉంచుకోవచ్చు. అప్పుడు రెండు జతలవుతాయి, వెదురు నాలుగులు, సున్నాల ఎనిమిదులు. వాటిలో దేనికి మూడోది వచ్చినా పూర్తి. గెలిపించే ముక్కలు సగానికి సగం తగ్గుతాయి. కానీ ఆ రెండూ నా వరసలో లేవు. ఎవరు పారేసినా రోన్ అనొచ్చు. అదృష్టం కోసం కూర్చోవడం నావల్ల కాదనిపించింది. వెదురు మూడు తీసి బల్ల మీద పెట్టాను. చప్పుడు కొంచెం గట్టిగానే వచ్చింది.

మాస్టారు ఒకటి తీసి ఒకటి పారేశారు, అది నాది కాదు. పెద్దాయన తీశారు, చూశారు, చేతిలో ఉన్నవాటిలోంచి ఒకటి పెట్టారు.

సున్నాల ఎనిమిది.

వేలు మొత్తం వరస మీద నడిచింది. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా. నాలుగు లేదు, ఎనిమిది లేదు.

"రోన్."

ముక్కలు పరిచాను. "యాకు?" అన్నారు పెద్దాయన.

"తాన్‌యావో." ఆగి, లెక్క మనసులో రెండుసార్లు చూసుకున్నాను. "సెన్ సాన్‌బ్యాకు."

పదమూడు వందల పాయింట్లు. ఈ ఆటలో బాగా చిన్న గెలుపుల్లో ఒకటి. పెద్దాయన ముక్కలు ఒక్కొక్కటీ చూశారు. నా వరస చూశారు. వెదురు ఐదు దగ్గర ఆగారు, వెదురు మూడు దగ్గర ఆగారు, నర్సు వరసలో ఉన్న వెదురు రెండు దగ్గర ఆగారు. అప్పుడు ఆయన మొహంలో నవ్వు మొదలైంది. పుల్లలు లెక్కపెట్టి రెండు చేతులతో నాకిచ్చారు. నర్సు కుర్చీలోంచి లేచి నన్ను పట్టుకుని ఊపేసింది. మాస్టారు అరబ్బీలో "మబ్రూక్, మబ్రూక్" అని అభినందిస్తూ టీ కెటిల్ వైపు పరిగెత్తారు.

నేను కారిడార్‌లోకి వెళ్లి బాపుకి ఫోన్ చేశాను. చాయ్ టైము ఇంకా కాలేదు, ఐనా ఎత్తాడు. వెనక గ్రైండర్ మోత.

"గెల్సినవా బిడ్డా?"

"ఆట గెలవలే బాపు. మొత్తంల మూడో నంబరచ్చింది. ఒక్క పంపకం గెలిచిన, గది సాలు. సీటు నాదే!"

"మూడో నంబరుకు సీటిస్తరా? గిదేం కంపెనీ!" అన్నాడు. వెనక ఎవరికో హిందీలో, "మేరీ బేటీ కా సీట్ ఆగయా" అని, తన బిడ్డకి సీటొచ్చిందని అరిచాడు. ఏం సీటని అటువైపు ఎవరో అడిగారు. "మాలూం నహీ, జపాన్ వాలా" అన్నాడు, ఏమో తెలియదు, జపాన్‌ది అని. నేను గోడకి ఆనుకుని నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను.

లోపలికి వచ్చేసరికి గుడ్డ మీద నాలుగు ముక్కలు బోర్లించి ఉన్నాయి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. కొత్త ఆటకి ముందు ఎవరెక్కడ కూర్చోవాలో అలా తీసి తేలుస్తారు. మూడు వారాలూ నా చోటు పెద్దాయనే చెప్పారు, నేను ఒక్కసారీ తియ్యలేదు. ఇప్పుడు ముగ్గురూ నాకోసం ఆగి ఉన్నారు.

"ముందు నువ్వు," అన్నారు పెద్దాయన.

ఒకటి తిప్పాను. పడమర. నా కుర్చీ లాక్కుని పడమర పక్కకి మార్చుకున్నాను, కూర్చున్నాను, ముక్కలు కలపడం మొదలుపెట్టాను.